విండ్సర్‌లో రాహుకాలం ఎన్నింటికి?

మా రేడియోకు కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఏమైనా రాసివ్వమని హారిక అడిగింది. మైకుకు ఎంత దూరంలో కూర్చోవాలి, బోర్డు మీద ఏ మీట దేనికి, పాటకూ మాటకూ మధ్య ఎంత ఖాళీ ఉండాలి, ఇలాంటివి చెప్పే కాగితాలు స్టేషన్‌లో కట్టలుగా ఉన్నాయి. అవి రెండు రోజుల్లో వచ్చేస్తాయి. ఆ కట్టల్లో లేనివి, తప్పులు చేస్తే గానీ నాకు తెలియనివి మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

నేను విజయవాడలో ఒక తెలుగు దినపత్రిక డెస్క్‌లో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. మా ఆవిడకు కెనడాలోని విండ్సర్‌లో ఆస్పత్రి ల్యాబ్ ఉద్యోగం రావడంతో ఇక్కడికి వచ్చాం. కొన్నాళ్లు కారు విడిభాగాల గోడౌన్‌లో అట్టపెట్టెలకు లేబుళ్లు అంటించాను. ఆ తరువాత ఊరి కమ్యూనిటీ రేడియోలో భాషా కార్యక్రమాలు చూసుకునే పని దొరికింది. దానితోపాటు ప్రతి శనివారం పొద్దున తొమ్మిది నుంచి పది దాకా తెలుగు గంట నడిపాను. తొమ్మిదేళ్లు చేసి కిందటి అక్టోబరులో దిగిపోయాను. నిజం చెప్పాలంటే పనికొచ్చిందంతా మొదటి చలికాలంలోనే నేర్చుకున్నాను. మిగతా ఎనిమిదేళ్లూ దాన్ని మరిచిపోకుండా ఉండటమే నా పని.

ఖాళీ పేజీ

మా స్టేషన్ అంటే ఒక లాండ్రీ పైన రెండు గదులు. కింద డ్రయ్యర్లు తిరుగుతుంటే పైన నేల వెచ్చగా ఉండేది. మంచు రోజుల్లో చెప్పులు విప్పి ప్రోగ్రామ్ చేసేవాణ్ని. ట్రాన్స్‌మిటర్ చిన్నది. నదికి అవతల, అమెరికాలో ఉన్న డెట్రాయిట్ స్టేషన్ల గొంతు పెద్దది. కొన్ని వీధుల్లో మలుపు తిరిగితే చాలు, మన పాట మధ్యలోకి వాళ్ల ఫుట్‌బాల్ దూరేది. హైవే ఎక్కి టిల్బరీ దాటితే మనం వినిపించం. ఊళ్లూళ్లకూ వెళ్లే పత్రికలో పనిచేసినవాణ్ని, ఒక ఊరి పొలిమేర దాటని గొంతుతో మాట్లాడటం మొదట్లో నాకు చిన్నతనంగా ఉండేది.

స్టేషన్ మేనేజర్ పేరు కొలెట్. ఇక్కడి పాత ఫ్రెంచి కుటుంబం మనిషి. అప్పటికే అరవై దాటాయి. నేను చూసిన ఇద్దరు మంచి బాసుల్లో ఆమె ఒకరు. ఆమె దగ్గర ఉపన్యాసాలు ఉండవు, ఒకటే ప్రశ్న ఉంటుంది. ఏ కార్యక్రమం గురించి చెప్పినా, ఏ ఆలోచన పట్టుకెళ్లినా, కళ్లజోడు పైనుంచి చూసి "ఇది ఎవరి కోసం?" అని అడిగేది. జవాబు చెప్పలేకపోతే నవ్వేసి తన పనిలో పడిపోయేది.

ఫోన్ పక్కన ఒక పసుపురంగు ప్యాడ్ ఉండేది. ఏ కార్యక్రమానికి ఏ ఫోన్ వచ్చినా దాంట్లో రాయాలి. ఒక్కో భాషకు ఒక్కో పేజీ. పంజాబీ గంట పేజీ వారంలోనే నిండిపోయేది. ఇటాలియన్ గంటకు పెద్దవాళ్లు పోట్లాడటానికే ఫోన్ చేసేవారు. తెలుగు పేజీ తెల్లగా ఉండేది. సెప్టెంబరులో మొదలుపెడితే క్రిస్మస్ దాకా మూడు ఫోన్లు వచ్చాయి. అందులో రెండు, పంజాబీ గంట ఎప్పుడని అడగడానికి.

మాకిచ్చిన గడువు ఆరు నెలలు. ఫిబ్రవరి ఆఖరున స్టేషన్ నడిపే కమిటీ కూర్చుని తెలుగు గంట ఉంచాలో తీసేయాలో తేలుస్తుంది. ఆ గంట కోసం మరో రెండు భాషలవాళ్లు వరుసలో ఉన్నారు. క్రిస్మస్ ముందు కొలెట్ ఆ ప్యాడ్ నా ముందు పెట్టింది.

"నేను తీసేయమనడం లేదు మూర్తీ. నువ్వు బాగా చేస్తున్నావని నాకు అనిపిస్తుంది. కానీ నాకు ఒక్క మాటా అర్థం కాదు. వినేవాళ్లు ఉన్నారా అని కమిటీ అడుగుతుంది. ఏమని చెప్పను?"

ఉన్నారని అన్నాను. ఎక్కడ, అని అడిగింది.

నిషేధాజ్ఞలు

లోపం ఎక్కడుందో నాకు ముందు చెప్పింది హారికే. అప్పటికి ఆమె నిజామాబాద్ నుంచి చదువుకోవడానికి వచ్చిన అమ్మాయి. కాలేజీ, కాఫీ షాపులో పార్ట్‌టైమ్, నలుగురు కలిసి కొనుక్కున్న ఒక పాత కారు. ఒకరోజు ఇండియన్ గ్రోసరీలో నన్ను గొంతును బట్టి గుర్తుపట్టింది.

"మీరు రేడియోల మాట్లాడే అంకుల్ కదా? మా కార్ టో అయింది అంకుల్, మీ ప్రోగ్రామ్ వింటనే."

నా ప్రోగ్రామ్ వింటే కారును లాక్కెళ్లడమేమిటని అడిగాను. ఆ శనివారం నేను చదివిన వాక్యం నాకు గుర్తుంది. హిమపాతం దృష్ట్యా నగర పాలక సంస్థ రహదారులపై వాహనాల నిలుపుదలపై నిషేధాజ్ఞలు జారీ చేసింది. డెస్క్‌లో ఉండగా ఇలాంటి వాక్యం నిద్రలో లేపినా రాసేవాణ్ని. పోలీసు వ్యాన్‌లో వెళ్తున్నట్టు ఉంటుంది చదువుతుంటే.

"మీరు చెప్పిండ్రు, నేను విన్న. విని మస్తుగ చదివిండు అంకుల్ అనుకున్న. గదంతా నా కార్ గురించే అని మాత్రం సమజ్ కాలే."

అక్కడున్న నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆ మాట లోపల దిగబడింది. మరుసటి వారం ఇలా చెప్పాను: "ఇవాళ సాయంత్రం మంచు పడుతుంది. రోడ్డు మీద కారు పెట్టకండి. పెడితే టో చేస్తారు." మా ఆవిడ ఇంట్లో విని, ఇరవై ఆరేళ్లలో నువ్వు రాసిన మొదటి మంచి వాక్యం ఇదేనంది.

కరివేపాకు దగ్గర

వార్తల్లో ఇంకో జబ్బు ఉండేది. నేను ఢిల్లీ, అమరావతి, హైదరాబాద్ అన్నీ చదివేవాణ్ని. వెంకట్రావు గారని తెనాలి వైపు మనిషి, కార్ల కంపెనీలో ముప్పై ఏళ్లు బ్రేకుల ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. అదే గ్రోసరీలో దొండకాయలు ఏరుకుంటూ ఆయన నాతో మర్యాదగా అన్నారు. వార్తలు చక్కగా ఉన్నాయి, అయితే అవన్నీ తాను ముందురోజే ఫోన్‌లో చూసేశాను, ఎవరు ఎవర్ని తిట్టారో వాట్సాప్‌లో రంగుల్లో వస్తోంది అని. ఆయన తరువాత అడిగినది ఇది: "మా వీధిలో రీసైక్లింగ్ బండి గురువారం రాలేదండి. అది మారిందా, మర్చిపోయారా? అది చెప్పేవాడు లేడు."

నేను దాని గురించి ఆలోచిస్తూ అక్కడే నిలబడిపోయాను. గురువారం మధ్యాహ్నం టొరంటో నుంచి కూరల వ్యాన్ వస్తుంది. కరివేపాకు తొందరగా అయిపోతుంది కాబట్టి మనవాళ్లందరూ ఆ వేళకే వస్తారు. మామూలుగా ఫోన్ చేసుకోని మనుషులు కూడా అక్కడ అయిదు నిమిషాలు మాట్లాడుకుంటారు. ఒకావిడ ఫ్యామిలీ డాక్టర్ దొరకడం లేదంటుంది. ఇంకొకరు బేస్‌మెంట్‌లో నీళ్లొచ్చాయంటారు. ఒక కుర్రాడికి డ్రైవింగ్ టెస్ట్ రెండోసారి పోయింది. అప్పటినుంచి ప్రతి గురువారం ఒక చిన్న నోటుబుక్కు పట్టుకుని కరివేపాకు దగ్గర నిలబడేవాణ్ని. మనవాళ్లు ఒకళ్లనొకళ్లు ఏమడుగుతున్నారో రాసుకునేవాణ్ని. శుక్రవారం నగర కార్యాలయానికో బస్సు ఆఫీసుకో ఫోన్ చేసి జవాబులు తెలుసుకునేవాణ్ని. శనివారం చెప్పేవాణ్ని. నా ఉద్యోగం మొత్తం ఇంతే. పేరు ఏదైనా పెట్టుకోండి.

ఒక సంగతి నిర్మొహమాటంగా చెప్తాను. సంఘాలవాళ్లు వస్తారు. పండగ కార్యక్రమం ప్రకటనతోపాటు కార్యవర్గంలో పదిహేనుమంది పేర్లు చదవమంటారు. చదవకండి. ఒకసారి చదివాను. పదహారో ఆయన అలిగారు.

ఇరవై ఆరేళ్లు చదవని కాలమ్

నోటుబుక్కులో జనవరిలో మళ్లీ మళ్లీ కనిపించిన ప్రశ్న ఒకటుంది. పంచాంగం చెప్పరేమండీ? మాఘమాసం వస్తోంది, ఇళ్లు కొన్నవాళ్లు ముహూర్తాలు చూసుకుంటున్నారు. ఫోన్‌లో చూసుకోవచ్చు కదా అంటే, ఒక్కో యాప్‌లో ఒక్కో రకంగా ఉందని అన్నారు. ఎవరో ఊరినుంచి వస్తూ అచ్చు పంచాంగం తెచ్చిపెట్టారు. తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం ఉన్నవి ఉన్నట్టు చదవడం మొదలుపెట్టాను.

పంచాంగం మా పత్రికలో రోజూ వచ్చేది. రోజూ దాన్ని నా చేతులతో పేజీలో కూర్చాను. ఒక్కరోజు కూడా చదవలేదు. అది ఎక్కడినుంచో తయారై వచ్చేది, మూలన పెట్టేవాళ్లం. అందులో తప్పుంటుందనే ఊహ కూడా ఎవరికీ ఉండేది కాదు. పత్రికలో ఎక్కువమంది చదివేది, డెస్క్‌లో ఎవరూ చదవనిదీ అదొక్కటే.

మూడు వారాలు గడిచాక వెంకట్రావు గారు మళ్లీ దొండకాయల దగ్గర పట్టుకున్నారు. నేను చదువుతున్నది ఇండియా టైమ్ అనీ, ఇక్కడికి పదిన్నర గంటలు తీసేయాలనీ చెప్పారు. సిగ్గేసింది. ఇంత చిన్న విషయం తట్టలేదేమిటా అనుకున్నాను. ఆ శుక్రవారం కూర్చుని పేజీలో ఉన్న ప్రతి అంకెలోంచీ పదిన్నర గంటలు తీసేశాను. తిథి, వర్జ్యం, రాహుకాలం, అన్నీ. రెండుసార్లు సరిచూసుకున్నాను. ఆ సరిచూసుకోవడం గురించి నాకు గర్వంగా కూడా ఉండింది.

ఆ శనివారం

ఫిబ్రవరి రెండో శనివారం. కమిటీకి ఇంకా రెండు వారాలుంది. తొమ్మిదీ ఇరవైకి పంచాంగం చదివాను. రేపు ఆదివారం రాహుకాలం పొద్దున ఆరు గంటల నుంచి ఏడున్నర దాకా అని చెప్పి పాట పెట్టాను.

పల్లవి అయ్యేలోపు ఫోన్ మీద దీపం వెలిగింది. శారద. ఆస్పత్రిలో నర్సు, మా ఆవిడకు తెలిసిన అమ్మాయి. మరునాడే వాళ్ల కొత్తింటి గృహప్రవేశం. మమ్మల్ని కూడా పిలిచారు.

"మూర్తి గారూ, మా ముహూర్తం రేపు ఏడూ అయిదుకండీ. మీరిప్పుడు రాహుకాలం అన్నారు."

పంతులు గారిని అడిగారా అన్నాను. ఆయన హామిల్టన్‌లో పెళ్లి చేయిస్తున్నారు, ఫోన్ తీయడం లేదంది.

"మా బావగారు వంటింట్లో మీ రేడియో విని బూట్లు వేసుకుని కూర్చున్నారండీ. టొరంటో దగ్గర మార్కమ్ నుంచి రాత్రే డ్రైవ్ చేసుకుని వచ్చారు. వాళ్లది కడప కదా, రాహుకాలంలో గడప దాటరు. మార్చుకుంటే ఉంటాను, లేకపోతే వెళ్తానంటున్నారు. నాకు మళ్లీ ఆదివారం సెలవు దొరకాలంటే నెల పడుతుంది. అరవైమందికి చెప్పాం. ఏం చేయమంటారు?"

నేను ఆ అంకె మళ్లీ చూసుకున్నాను. సాయంత్రం నాలుగున్నరలోంచి పదిన్నర గంటలు తీస్తే పొద్దున ఆరు. తప్పేమీ లేదు. "లెక్క సరిగ్గానే ఉందమ్మా" అన్నాను. నా ఉద్యోగ జీవితంలో వెనక్కి తీసుకోవాలనిపించే వాక్యాలు కొన్ని ఉన్నాయి. ఇది వాటిలో మొదటిది. లైన్‌లో ఉండమన్నాను.

అప్పటికి రెండో దీపం, మూడో దీపం, నాలుగో దీపం కూడా వెలిగాయి. మాకున్నవి నాలుగు లైన్లే. రెండోది ఎత్తితే వెంకట్రావు గారు.

"మూర్తి గారూ, సూర్యుడు లేవకుండా రాహుకాలం ఏమిటండీ?"

మీరే కదా పదిన్నర తీసేయమన్నారు అన్నాను.

"తిథికి తీయమన్నానండీ, వర్జ్యానికి తీయమన్నాను. రాహుకాలం ఏ ఊళ్లో సూర్యుణ్ని బట్టి ఆ ఊరిది. పొద్దు పొడిచినప్పటినుంచి పొద్దుగూకే దాకా ఎనిమిది భాగాలు చేస్తే ఆదివారం ఎనిమిదో భాగం. రేపు మనకు సూర్యుడు ఏడున్నర దాటితే గానీ రాడు. మీరు చీకట్లో పెట్టేశారు దాన్ని."

ఇంకో సంగతి అప్పుడే వెలిగింది. ముందు మూడు వారాలూ ఏమీ తీయకుండా చదివిన రాహుకాలం ఇక్కడికి కూడా ఇంచుమించు సరిపోయింది. తిథి, వర్జ్యం తప్పు. నేను దిద్దడం మొదలుపెట్టాక అవి సరిపోయి ఇది తప్పింది.

పాట ఇంకో రెండు నిమిషాలుంది. శారదకు ఫోన్‌లో నిజం చెప్పేసి, మిగతావాళ్లకు వచ్చే వారం మెల్లగా సర్దిచెప్పవచ్చు అన్న ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. గడువు దగ్గరలో ఉంది. ఉన్న ఒక్క పేరూ పోతుందన్న భయం ఉంది. కానీ నాకు పని నేర్పిన మొదటి బాసు, విజయవాడ డెస్క్‌లో రంగారావు గారు, ఒక మాట అనేవారు. మొదటి పేజీలో తప్పు వేసి ఏడో పేజీ అడుగున సవరణ వేస్తే ఆయన ఒప్పుకునేవారు కాదు. "ఎక్కడ వడ్డించావో అక్కడే ఎంగిలాకు ఎత్తాలిరా" అనేవారు. ఆ మాట మీద ఆయన యాజమాన్యంతో రెండుసార్లు గొడవపడటం నేను చూశాను.

పాట ఆపేశాను. పాట మధ్యలో ఆపడం రేడియోలో తలుపు తన్నినట్టు ఉంటుంది, అందరూ తల తిప్పుతారు. "నేను ఇప్పుడు చెప్పిన రాహుకాలం తప్పు. తప్పు నాది. రేపు పొద్దున రాహుకాలం లేదు. ఏడూ అయిదుకు గృహప్రవేశం ఉన్నవాళ్లు నిశ్చింతగా పాలు పొంగించుకోండి. ఎలా తప్పో వెంకట్రావు గారు చెప్తారు" అని ఆయన లైన్‌ను ప్రసారంలోకి కలిపాను.

ఆయన ముప్పై ఏళ్లు బ్రేకుల గురించి మీటింగుల్లో చెప్పిన మనిషి. వినేవాళ్లు ఇన్నాళ్లకు దొరికారు. సూర్యోదయం, సూర్యాస్తమయం, మధ్యలో ఎన్ని నిమిషాలు, ఎనిమిదితో భాగిస్తే ఎంత, అన్నీ మనసులోనే కట్టి, రేపటి రాహుకాలం సాయంత్రం నాలుగూ ముప్పై ఎనిమిది నుంచి పొద్దుగూకే దాకా అని తేల్చారు.

ఇక ఫోన్లు ఆగలేదు. గుంటూరు ఆవిడ ఒకరు, అసలు మనకు వర్జ్యం, దుర్ముహూర్తమే గానీ రాహుకాలంతో పనేమిటన్నారు. అనంతపురం ఆయన, మాకు రాహుకాలమే ముఖ్యం, మీ వర్జ్యం మీరే ఉంచుకోండన్నారు. ఒక విద్యార్థి, సోమవారం తొమ్మిదిన్నరకు తనకు డ్రైవింగ్ టెస్ట్ ఉంది, అది రాహుకాలమా అని అడిగాడు. వెంకట్రావు గారు లెక్క కట్టి అవునని చెప్పి, "బ్రేకులు బాగుంటే రాహువు ఏమీ చేయడు బాబూ, అద్దాలు చూసుకుని వెళ్లు" అన్నారు.

దీపాలు వెలుగుతూనే ఉంటే కొలెట్ తన గదిలోంచి వచ్చింది. ఏదైనా తగలబడిందేమో అనుకుందట.

"ఏం చేశావు?"

ఒక గ్రహాన్ని తప్పు టైమ్‌లో పెట్టానని చెప్పాను.

"ఎవరికైనా దెబ్బ తగిలిందా?"

లేదన్నాను.

"అయితే నన్ను చూస్తావేం, నాలుగో లైన్ ఎత్తు" అని, పసుపు ప్యాడ్ తీసి తనే పక్కన కూర్చుంది. మన పేర్లు ఆమెకు ఎలా వినిపిస్తే అలా ఇంగ్లీషులో రాసుకుంటూ పోయింది. పది దాటి ఇటాలియన్ గంట మొదలైనా మనవాళ్ల ఫోన్లు వస్తూనే ఉన్నాయి.

మంచు పార

మరునాడు ఆరున్నరకు శారద ఇంటికి వెళ్లాను. చీకటి. రాత్రంతా మంచు పడింది. వాకిట్లో ఒక పెద్దమనిషి ఒక్కరే పారతో మంచు తోస్తున్నారు. ఆయనే బావగారు, చంద్రశేఖర్ గారు. నా పేరు చెప్పుకోగానే పని ఆపి నన్ను పైనుంచి కింద దాకా చూశారు.

"రేడియో సామి మీరేనా? నిన్న మీ మాట విని నేను బూట్లేసుకుంటి. తర్వాత మీ మాట వినే విప్పుకుంటి. పది నిమిషాలు మా మరదలి ముందర నా మర్యాద ఏమైందో మీకు తెల్దు. పట్టండి ఈ పార."

ఇద్దరం కలిసి వాకిలంతా శుభ్రం చేశాం. ఏడూ అయిదుకు శారద, ఆమె భర్త దేవుడి పటం పట్టుకుని గడప దాటారు. పాలు పొంగుతుంటే పైన స్మోక్ అలారం మోగకుండా ఒకాయన స్టూలెక్కి తువ్వాలుతో విసురుతున్నాడు. కాసేపటికి కిటికీలోంచి ఎండ పడింది. చంద్రశేఖర్ గారు కాఫీ గ్లాసుతో నా దగ్గరకు వచ్చి, సూర్యుడు ఇప్పుడు వచ్చినాడు, మీ లెక్క ఇక్కడినుంచి మొదలుపెట్టుకోండి అన్నారు. తాను మార్కమ్‌లో ఉంటాను, మీ రేడియో అక్కడికి రాదు కదా అని కూడా అడిగారు. రాదన్నాను. "అదీ మంచిదే లెండి" అన్నారు. ఆ ఇంట్లో ఆ రోజు నాకు బాగా తగిలిన మాటలు ఇవే.

కమిటీ

ఫిబ్రవరి ఆఖరున కమిటీ కూర్చుంది. కొలెట్ పసుపు ప్యాడ్ బల్ల మీద పెట్టింది. ఒకాయన పేజీలు తిప్పి, ఇవన్నీ ఫిర్యాదులే కదా అన్నాడు. అవును, అన్నీ ఫిర్యాదులే అంది కొలెట్.

"మన జాజ్ కార్యక్రమానికి నేనున్నన్నాళ్లలో ఒక్క ఫిర్యాదు రాలేదు. దాన్ని వినేది చేసేవాడి భార్య ఒక్కతే. ఆమె మర్యాదస్తురాలు."

జాజ్ ఆయన ఆ కమిటీలోనే ఉన్నాడు. అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే. తెలుగు గంట నిలబడింది. కమిటీ ఒక్క షరతు పెట్టింది. ప్రతివారం కనీసం పావుగంట ఫోన్ లైన్లు తెరిచి ఉంచాలి. ఆ పావుగంటలో తొమ్మిదేళ్లలో నేను విన్నది అంతకుముందు ఇరవై ఆరేళ్లలో వినలేదు.

తెలుగు పేజీ అన్నాళ్లు తెల్లగా ఎందుకుందో నాకు అప్పుడు అర్థమైంది. మనవాళ్లు మెచ్చుకోవడానికి ఫోన్ చేయరు. ఎదురుపడినప్పుడు చెప్పవచ్చులే అనుకుంటారు. తప్పు దొరికితే మాత్రం ఆగలేరు. దీన్ని తిట్టుగా తీసుకోకండి. తప్పు పట్టేవాడు మొదటినుంచి చివరిదాకా విన్నవాడు. అలాగని కావాలని తప్పులు చేయకండి. మామూలుగా మనం చేసేవి సరిపోతాయి.

వాట్సాప్ ఉండగా ఈ చిన్న రేడియో ఎందుకని మిమ్మల్ని అడుగుతారు. వాట్సాప్‌లో వచ్చింది ఏ ఊరిదో తెలియదు, ఎవరిదో తెలియదు. మన గొంతు ఊరు దాటదు. కాబట్టి మనం చెప్పేది ఈ ఊరి సూర్యుడికి సరిపోవాలి. సరిపోకపోతే గురువారం కూరల దగ్గర మనల్ని పట్టుకుంటారు. పొలిమేర దాటని గొంతుకు నేను మొదట్లో సిగ్గుపడ్డానని చెప్పాను కదా, అది పోయింది ఇందుకే.

లైన్ బిజీ

నేను దిగిపోయాక ఆ కుర్చీ హారిక తీసుకుంది. ఇప్పుడామె ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగి. శనివారాలు రేడియో. నాకంటే బాగా చేస్తుంది. పాటలు తక్కువ, ఊరు ఎక్కువ.

ఈ మార్చిలో, ఇక్కడ ఏటా వేసవి కోసం గడియారాలు ఒక గంట ముందుకు జరిపే ముందురోజు, నేను గ్రోసరీ పార్కింగ్‌లో కారులో కూర్చుని ఆమె కార్యక్రమం వింటున్నాను. ఈ రాత్రి గడియారం మార్చుకోవడం మరిచిపోకండని అందరికీ చెప్పింది. ఆ తరువాత పంచాంగంలో ఆదివారం రాహుకాలం పాత గడియారం ప్రకారమే చదివేసింది. చదివి పాట పెట్టింది.

వెంటనే ఫోన్ తీశాను. నంబరు నాకు చూడకుండా వస్తుంది. లైన్ బిజీ. రెండోసారి బిజీ. మూడోసారీ బిజీ.

పాట మధ్యలో ఆగింది.

"ఒక్క నిమిషం. రేపటి రాహుకాలం నేను తప్పు చెప్పిన. గడియారం మార్చుకోండని మీకు చెప్పి నేనే మర్చిపోయిన. తప్పు నాదే. లైన్ల వెంకట్రావు అంకుల్ ఉన్నరు. చెప్పుండ్రి అంకుల్."

ఆయన గొంతు సవరించుకోవడం వినిపించింది. నేను ఫోన్ జేబులో పెట్టుకుని, బండి ఆపేసి కొట్లోకి వెళ్లాను. కరివేపాకు దగ్గర ఇద్దరు ఆడవాళ్లు గంట కలపాలా తీసేయాలా అని వాదించుకుంటున్నారు. నేను ఒక కట్ట చేతిలోకి తీసుకుని, కాస్త పక్కగా నిలబడ్డాను.